పులివెందుల నల్లరాయికి 188 కోట్ల ఏళ్లని ఎలా లెక్కగట్టారు?

కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల, తాడిపత్రి పొరలని పిలిచే పాత అవక్షేప శిలల మధ్యకి ఎప్పుడో శిలాద్రవం చొరబడి, పొరల వెంబడే పరుచుకుని గడ్డకట్టింది. ఇలా పొరల మధ్య పరుచుకున్న అగ్నిశిలను సిల్లు అంటారు. ఈ పులివెందుల సిల్లు వయసు 188.54 కోట్ల సంవత్సరాలని, అటూ ఇటూ 31 లక్షల ఏళ్ల తేడా ఉండొచ్చని 2008లో ఒక పరిశోధన పత్రం తేల్చింది. ఇలాంటి అంకె కనబడగానే ‘కార్బన్ డేటింగ్ చేసుంటార్లే’ అనుకోవడం మామూలే. కార్బన్‌కు ఇక్కడ పనే లేదు. కార్బన్-14 అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, 5,730 ఏళ్లు. ఇంచుమించు 50 వేల ఏళ్లు దాటాక కొలవడానికి చాలినంత మిగలదు. పైగా అది కట్టె, ఎముక, బొగ్గు, గవ్వ లాంటి, ఒకప్పుడు ప్రాణంతో సంబంధమున్న వాటికే పనికొస్తుంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో దొరికే టోబా అగ్నిపర్వతపు బూడిదకు 74 వేల ఏళ్లే. దాన్నే కార్బన్ అందుకోలేదు, ఇక కోట్ల ఏళ్ల మాటెక్కడ?

అసలు రాయి వయసు అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. అగ్నిశిల అయితే, ద్రవం గడ్డకట్టి స్ఫటికాలు ఏర్పడిన కాలం. రూపాంతర శిల అయితే, వేడికీ ఒత్తిడికీ పాత ఖనిజాలు పోయి కొత్తవి పుట్టిన కాలం. ఇసుకరాయి దగ్గరకొచ్చేసరికి పేచీ మొదలవుతుంది. అందులోని రేణువులు అంతకుముందే ఉన్న కొండలు అరిగి కొట్టుకొచ్చినవి. రేణువును కొలిస్తే ఆ పాత కొండ వయసు వస్తుంది, ఇసుక మేట వేసిన కాలం రాదు. వంటింటి గట్ల మీద పరిచే కడప నాపరాయి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. అందులోనూ నేరుగా కొలవడానికి నమ్మకమైన స్ఫటికాలు దొరకవు. అందుకే అవక్షేప శిలల వయసు కావలసినప్పుడు భూవిజ్ఞానులు వాటిని పక్కనపెట్టి, వాటిలోకి చొరబడిన అగ్నిశిల ఎక్కడైనా ఉందా అని వెతుకుతారు. పులివెందుల సిల్లుకు అంత విలువ అందుకే వచ్చింది.

ముందు వరుస తేలాలి

ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఏ యంత్రమూ లేకుండానే తెలుస్తుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది అని నికోలస్ స్టెనో 1669లోనే రాశాడు. ఒక రాయి ఇంకో రాతిని కోసుకుంటూ పోతే, కోసిందే కొత్తది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో ఇది కళ్లకు కనబడుతుంది. కింద గ్రానైటు, దాని మీద ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైటు, మధ్యలో స్పష్టమైన హద్దు. గ్రానైటు భూమి లోపల కిలోమీటర్ల లోతున గడ్డకడుతుంది. అది పైకి తేలి, ఎండకూ వానకూ అరిగి చదునై, ఆ చదును మీద ఇసుక పేరుకున్నాక పుట్టిన హద్దు అది. మధ్యలో పోయిన కాలం పదుల కోట్ల ఏళ్లు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. శిలాతోరణం దగ్గర ఫొటోలు దిగేవాళ్లలో చాలామంది దీని పక్క నుంచే బస్సులో వెళ్లిపోతుంటారు.

కడప బేసిన్ (ఈ అవక్షేపాలు పేరుకున్న పల్లపు ప్రాంతం) పడమటి అంచున వరుస ఇలా ఉంటుంది: అడుగున గ్రానైటు, దాని మీద గుల్చేరు క్వార్ట్‌జైటు, వేంపల్లె డోలమైటు (సున్నపురాయి మారి ఏర్పడే రాయి), పులివెందుల క్వార్ట్‌జైటు, తాడిపత్రి పొరలు, గండికోట క్వార్ట్‌జైటు. సిల్లు తాడిపత్రి పొరల్లోకి దూరింది కాబట్టి అవీ, వాటి కిందున్న వేంపల్లె, గుల్చేరు పొరలూ సిల్లు కన్నా పాతవే అయ్యుండాలి. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పనిపడుతుంది.

స్ఫటికంలో సీసం

యురేనియం-238 అంచెలంచెలుగా విచ్ఛిన్నమై చివరికి సీసం-206 అవుతుంది. ఎంత యురేనియం ఉన్నా అందులో సగం ఇలా మారడానికి 446.8 కోట్ల ఏళ్లు పడుతుంది. యురేనియం-235 కాస్త తొందరగా, 70.38 కోట్ల ఏళ్లకు సగం చొప్పున సీసం-207గా మారుతుంది. ఒక్కో పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, కోటానుకోట్ల పరమాణువులు ఒకచోట ఉన్నప్పుడు ఏటా ఎన్నో వంతు తగ్గుతుందో కచ్చితంగా చెప్పొచ్చు. ఆ వంతును క్షయ స్థిరాంకం అంటారు. పుట్టిన సీసాన్ని మిగిలిన యురేనియంతో భాగించి, దానికి ఒకటి కలిపి, సహజ సంవర్గమానం తీసి, క్షయ స్థిరాంకంతో భాగిస్తే వయసు వస్తుంది. ఇంటర్ లెక్కలు వచ్చినవాళ్లు ఎవరైనా చేయగలరు.

లెక్క తేలికే, షరతులే కష్టం. రెండున్నాయి. మొదటిది, స్ఫటికం పుట్టినప్పుడు అందులో సీసం ఉండకూడదు, ఉంటే ఎంతో తెలియాలి. రెండోది, ఆ తర్వాత ఇన్ని కోట్ల ఏళ్లలో సీసం గానీ యురేనియం గానీ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. ఈ రెండింటికీ నిలబడే ఖనిజాల్లో జిర్కాన్‌ది మొదటి స్థానం. స్ఫటికం కడుతున్నప్పుడు జిర్కోనియం ఉండాల్సిన చోట యురేనియం ఇమిడిపోతుంది. సీసం పరిమాణమూ విద్యుదావేశమూ అక్కడ పొసగవు కనుక అది బయటే ఉండిపోతుంది. తర్వాత లోపల పుట్టిన సీసం మాత్రం 900 డిగ్రీల వేడికి కూడా అంత సులభంగా బయటికి రాదు. అందుకే గ్రానైటు దొరికితే జిర్కాన్ కోసమే వెతుకుతారు.

పులివెందుల సిల్లు గ్రానైటు లాంటిది కాదు. ఇలాంటి నల్లరాళ్లలో సిలికా తక్కువ. జిర్కాన్ కట్టాలంటే జిర్కోనియానికి సిలికా కావాలి. అది చాలనప్పుడు జిర్కోనియం ఆక్సైడుగానే గడ్డకడుతుంది. ఆ ఖనిజం పేరు బాడెలీయైట్. గోధుమ రంగులో, పలచటి రేకుల్లా, చాలావరకు మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని స్ఫటికాలు. యురేనియాన్ని రానిచ్చి సీసాన్ని దూరం పెట్టడంలో జిర్కాన్‌కు ఏమీ తీసిపోదు. ఇంకో మేలు కూడా ఉంది. జిర్కాన్ అరగని ఖనిజం కాబట్టి, పాత రాళ్ల నుంచి శిలాద్రవంలోకి జారిన రేణువు ఒక్కోసారి కరక్కుండా అలాగే ఉండిపోయి, రాయి కన్నా ఎక్కువ వయసు చూపిస్తుంది. బాడెలీయైట్ అలా అరువు వచ్చే అవకాశం చాలా తక్కువ.

బండ నుంచి రేణువు దాకా

నమూనా ఎక్కడ తీయాలన్న దగ్గరే సగం పని తేలిపోతుంది. సిల్లు అంచులు చుట్టూ ఉన్న చల్లటి రాతికి తగిలి గబగబా గడ్డకడతాయి, అక్కడ స్ఫటికాలు కంటికి ఆనవు. మెల్లగా చల్లారిన నడిభాగంలో, గరుకుగా కనిపించే రాయినే తీసుకోవాలి. ఎండకు గోధుమ రంగు తిరిగిన పైపొరను సుత్తితో కొట్టేసి, లోపలి తాజా రాయి కొన్ని కిలోలు సంచిలో వేస్తారు.

దాన్ని జా క్రషర్‌లో కంకరగా పగలగొట్టి, మరలో పిండి చేసి, జల్లెడ పడతారు. ఇక్కడే ఒక ప్రమాదం. నిన్న అదే క్రషర్‌లో గ్రానైటు పగలగొట్టి, సరిగా శుభ్రం చేయకపోతే, పళ్ల సందుల్లో మిగిలిన నాలుగు జిర్కాన్ రేణువులు చాలు, ఇవాళ్టి రాతికి అబద్ధపు వయసు అంటగట్టడానికి. రెండు నమూనాల మధ్య యంత్రం విప్పి, తోమి, గాలి కొట్టి, ఆల్కహాల్‌తో తుడవడం అందుకే.

పిండిని నీళ్లతో కలిపి, ఏటవాలుగా ఊగే విల్‌ఫ్లీ బల్ల మీద పోస్తారు. చేటలో బియ్యం చెరిగినట్టే, తేలికవి నీటితో ఒకపక్కకు కొట్టుకుపోతాయి, బరువైనవి వేరే దారి పడతాయి. క్వార్ట్‌జ్ సాంద్రత 2.65. జిర్కాన్‌ది 4.6 పైమాట, బాడెలీయైట్‌ది 5.5 పైమాట. తర్వాత అయస్కాంతంతో మాగ్నటైటును లాగేస్తారు. మిగిలినదాన్ని 3.3 సాంద్రత ఉన్న మిథిలీన్ అయోడైడ్ ద్రవంలో వేస్తే తేలికైనవి పైన తేలి, కావలసినవి అడుగున చేరతాయి. ఆ ద్రవం ఒంటికి మంచిది కాదు, పొగలు లాగే గూటిలోనే వాడాలి. చివరికి సూక్ష్మదర్శిని కింద సన్నటి పట్టకారుతో ఒక్కో రేణువునూ ఏరతారు. పగుళ్లున్నవీ, మసకబారినవీ, అంచున జిర్కాన్ పట్టినవీ పక్కకు పోతాయి. అంచున జిర్కాన్ పట్టిందంటే ఆ రాయి తర్వాతెప్పుడో మళ్లీ వేడెక్కిందని అనుమానించాల్సిందే. కిలోల కొద్దీ రాతిలోంచి పట్టుమని పాతిక మంచి రేణువులు దొరికితే పంట పండినట్టే.

ఏరిన రేణువులను ఆమ్లంతో కడిగి, టెఫ్లాన్ గిన్నెలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోసి, ఉక్కు డబ్బాలో బిగించి, 200 డిగ్రీల పైన రోజుల తరబడి ఉంచితే కరుగుతాయి. కరిగించే ముందే, ఇంత అని తెలిసిన మోతాదులో ట్రేసర్ ద్రావణం కలుపుతారు. అందులో ప్రకృతిలో దొరకని సీసం-205 ఉంటుంది. తర్వాతి దశల్లో కొంత ద్రావణం ఒలికినా, మూలకాల వేర్పాటులో కొంత సీసం పోయినా, సీసం-205తో పోల్చిన నిష్పత్తి మారదు. సన్నటి రీనియం తీగ మీద ఆ సీసాన్ని సిలికా జెల్‌తో, ఫాస్ఫారిక్ ఆమ్లంతో అద్ది, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి వెయ్యి డిగ్రీల పైకి వేడిచేస్తారు. ఎగిరిన అయాన్లను అయస్కాంత క్షేత్రం బరువుల వారీగా విడగొడుతుంది.

అన్ని రేణువుల్లోనూ కలిపి ఉన్న సీసం ఒక్కోసారి పదుల పికోగ్రాములే. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. గాలిలో దుమ్ము, ఆమ్లం, చేతి తొడుగు, అన్నిటిలోనూ సీసం ఉంటుంది. అందుకే వడగట్టిన గాలి ఆడే గదుల్లో, పలుమార్లు బట్టీపట్టిన ఆమ్లాలతో పనిచేస్తూ, నమూనా లేకుండా ఉత్త ఆమ్లంతో కూడా మొత్తం ప్రక్రియ నడిపి చూస్తారు. దాన్లో సీసం ఒక పికోగ్రాము ప్రాంతంలో ఉంటే సరే. బయటి సీసం చొరబడిందా అన్నది సీసం-204 చెబుతుంది. అది ఏ యురేనియం నుంచీ పుట్టదు కాబట్టి, కనబడిందంటే బయటి సీసమో, మొదటి నుంచీ ఉన్న సీసమో అయ్యుండాలి. ఆ మేరకు తీసివేత చేస్తారు.

మూడు జవాబులు వచ్చినప్పుడు

188.5 కోట్ల ఏళ్ల స్ఫటికంలో ఒక్క పరమాణువూ పోకుండా ఉంటే, సీసం-206ను యురేనియం-238తో భాగిస్తే 0.340 రావాలి. సీసం-207ను యురేనియం-235తో భాగిస్తే 5.40 రావాలి. రెండు లెక్కలూ ఒకే వయసు చూపిస్తాయి.

ఇప్పుడు ఈమధ్యే, ఉదాహరణకు రాయి నేలమీదికి వచ్చి నీటికి నానినప్పుడు, సీసంలో 20 శాతం కారిపోయిందనుకుందాం. మొదటి నిష్పత్తి 0.272కు పడి, వయసు 155 కోట్లు చూపిస్తుంది. రెండోది 4.32కు పడి, 170 కోట్లు చూపిస్తుంది. రెండు జవాబులు పొసగలేదంటే అక్కడే దొంగ దొరికిపోయాడు. అయితే సీసం-206, సీసం-207 రసాయనికంగా ఒకటే, పోతే రెండూ ఒకే వంతున పోతాయి. కాబట్టి వాటి మధ్య నిష్పత్తి 0.115 అలాగే ఉండిపోతుంది, దాన్నుంచి లెక్కిస్తే 188.5 కోట్లే వస్తుంది. ఒకే మూలకపు రెండు ఐసోటోపులు (బరువులో మాత్రమే తేడా ఉన్న పరమాణు రకాలు) రెండు వేర్వేరు వేగాలతో తరుగుతూ ఒకదాన్నొకటి తనిఖీ చేసుకోవడం ఇంకే పద్ధతిలోనూ లేని సదుపాయం. ఈ రెండు నిష్పత్తులనూ గ్రాఫు మీద గీస్తే, అవి ఒకే జవాబు చెప్పే బిందువులన్నీ ఒక వంపు గీత మీద పడతాయి. కన్‌కార్డియా అనే ఆ గీతను జార్జ్ వెదరిల్ 1956లో ప్రవేశపెట్టాడు. సీసం పోయిన రేణువులు గీతకు కిందుగా ఒక సరళరేఖ మీద వరుసకడతాయి. ఆ రేఖ పై కొన వంపు గీతను తాకిన చోటే అసలు వయసు.

జిర్కాన్ విషయంలో ఇంకో కిటుకుంది. 900 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు కాల్చి, తర్వాత ఆమ్లంలో కొంతసేపు ఉడికిస్తే, రేడియోధార్మికతతో దెబ్బతిని సీసం కారుతున్న భాగాలే ముందు కరిగిపోయి, గట్టి భాగం మిగులుతుంది. బాడెలీయైట్‌కు ఇది అంతగా పారదు. అక్కడ మంచి రేణువును కంటితో ఏరుకోవడమే దిక్కు.

ఇక ఆ ‘31 లక్షలు’. అది తూనికలో, అయాన్ల లెక్కింపులో, తీసివేతల్లో ఉండే అనిశ్చితి అంతా కలిపితే వచ్చే హద్దు. అసలు వయసు ఈ హద్దుల్లో ఉండటానికి నూటికి 95 పాళ్లు అవకాశముందని దానర్థం. కొలిచిన రేణువులు తప్పయితే, ఈ హద్దు ఎంత సన్నగా ఉన్నా ఒరిగేదేమీ లేదు. అలాంటి తప్పును పట్టేది ఇంకో పద్ధతే. అదే ప్రాంతపు సిల్లులోని ఫ్లోగోపైట్ అనే మైకా ఖనిజాన్ని, యురేనియంతో నిమిత్తం లేని ఆర్గాన్ పద్ధతిలో అంతకుముందే కొలిచారు. 189.9 కోట్లు వచ్చింది, అటూ ఇటూ 2 కోట్లు. రెండూ కలిశాయి.

కలవని సందర్భం పక్కనే ఉంది. వేంపల్లె, తాడిపత్రి పొరల డోలమైటును సీసం ఐసోటోపులతో కొలిస్తే 175.6 కోట్లు వచ్చింది, తేడా 2.9 కోట్లు. కానీ ఆ పొరలు సిల్లు కన్నా పాతవని ఇందాకే అనుకున్నాం. 188 కోట్ల ఏళ్ల రాయి 176 కోట్ల ఏళ్ల పొరలోకి ఎలా చొరబడుతుంది? కొలతలో తప్పు లేదు. సముద్రంలో పేరుకున్న సున్నపు బురదలోకి తర్వాత ద్రావణాలు ఇంకి, దాన్ని డోలమైటుగా మార్చి, సీసాన్నీ యురేనియాన్నీ కదిపేశాయి. గడియారం అక్కడ మళ్లీ మొదలైంది. కొలిచినవాళ్లు కూడా దాన్ని కనీస వయసుగానే చెప్పారు. తుమ్మలపల్లె యురేనియం గని ఉన్నది ఈ వేంపల్లె డోలమైటులోనే అని గుర్తుచేసుకుంటే, ఆ పొరలో యురేనియం కదలిక గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఆర్గాన్, స్ట్రాన్షియం

రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో కనిపించే నల్లటి బసాల్టు, పడమటి కనుమల వైపు నుంచి పారి వచ్చిన దక్కన్ లావాల కొసగా భావిస్తున్నారు. దానికి వాడింది ఆర్గాన్ పద్ధతి. పొటాషియం-40 అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు. దానిలో దాదాపు పదకొండు శాతమే ఆర్గాన్-40 అవుతుంది, మిగతాది కాల్షియం. ఆర్గాన్ వాయువు కాబట్టి కరిగిన లావా నుంచి ఎగిరిపోతుంది, గడ్డకట్టాక స్ఫటికంలో చిక్కుకుంటుంది. స్ఫటికాలను అణు రియాక్టర్‌లో న్యూట్రాన్ల మధ్య ఉంచితే పొటాషియంలో కొంత ఆర్గాన్-39గా మారుతుంది, దాంతో పొటాషియాన్నీ ఆర్గాన్ రూపంలోనే కొలవచ్చు. తర్వాత అంచెలంచెలుగా వేడిచేస్తూ ఒక్కో అంచెలో వచ్చిన వాయువుకు విడిగా వయసు కడతారు. వరుసగా పలు అంచెలు ఒకే వయసు చెబితే నమ్మొచ్చు. మొదటి అంచెల్లో తక్కువ వచ్చిందంటే స్ఫటికం అంచుల నుంచి ఆర్గాన్ పోయిందన్నమాట. గోదావరి తడికి నానిన బసాల్టులో ఇది మామూలు. ఇక్కడి లావాలకు సుమారు 6.5 కోట్ల ఏళ్లు తేలాయి.

అనంతపురం వజ్రకరూరులో వజ్రాలు మోసుకొచ్చే కింబర్లైట్ శిలలను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు రుబీడియం-స్ట్రాన్షియంతో కొలిచి, సుమారు 110 కోట్ల ఏళ్లని తేల్చారు. రుబీడియం-87 సగం కావడానికి దాదాపు 5 వేల కోట్ల ఏళ్లు పడుతుంది. స్ట్రాన్షియం మొదట్లోనే రాతిలో ఉంటుంది, ఎంతో తెలియదు. ఆ చిక్కును ఐసోక్రాన్ గీత తీరుస్తుంది. ఒకే రాతిలోని వేర్వేరు నమూనాలు తీసుకుని, వాటిలోని రుబీడియం, స్ట్రాన్షియం నిష్పత్తులను గ్రాఫు మీద పెడితే సరళరేఖ వస్తుంది. వాలు వయసును, రేఖ అక్షాన్ని తాకిన చోటు మొదట్లో ఉన్న స్ట్రాన్షియాన్ని చెబుతాయి. రెండు వేర్వేరు శిలాద్రవాలు కలిసినా సరళరేఖే వస్తుంది కాబట్టి గీత నున్నగా ఉందని మురిసిపోకూడదు.

ఈ వేగాలు ఎప్పుడూ ఇలాగే ఉన్నాయని ఏమిటి నమ్మకం? వేడి, ఒత్తిడి, రసాయన బంధం యురేనియం విచ్ఛిన్నాన్ని కదిలించలేవు. ఎలక్ట్రాన్‌ను మింగి మారే బెరిలియం-7లో మాత్రం రసాయన స్థితిని బట్టి ఒక శాతం ప్రాంతంలో తేడా కనిపిస్తుంది. 1987లో కనబడిన సూపర్‌నోవా లక్షన్నర కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. అంటే అంతకాలం కిందటి వెలుగు. అందులోని కోబాల్ట్-56 ఇక్కడి ప్రయోగశాలల్లో తరిగే వేగంతోనే తరిగింది. వేర్వేరు రకాలుగా విచ్ఛిన్నమయ్యే యురేనియం, పొటాషియం పులివెందులలో ఒకే మాట చెప్పడం నా లెక్కన ఇంకా పెద్ద సాక్ష్యం.

భూమి వయసు భూమ్మీద దొరకలేదు

1862లో లార్డ్ కెల్విన్, భూమి కరిగిన ముద్దగా మొదలై చల్లారుతోందనుకుని, 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్లని అంచనా వేశాడు. తర్వాత 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. రేడియోధార్మికత తెలియక తప్పాడని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఆ వేడిని కలిపినా ఆయన అంకె పెద్దగా పెరగదు. అసలు పొరపాటు, లోపలంతా కదలని ఘనమని అనుకోవడం. లోపలి పదార్థం కదులుతూ వేడిని మోస్తే లెక్క తారుమారవుతుందని ఒకప్పుడు ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ 1895లోనే చెప్పాడు.

భూమి తన మొదటి రాళ్లను తనే కరిగించేసుకుంది. దొరికిన వాటిలో కెనడాలోని అకాస్టా నైస్ అనే రూపాంతర శిలకు 400 కోట్ల పైన ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో ఒక జిర్కాన్ రేణువు 440.4 కోట్లు చూపించింది, కానీ అది ఉన్న రాయి అంతకన్నా వంద కోట్ల ఏళ్లకు పైగా చిన్నది. అందుకే అమెరికా శాస్త్రవేత్త క్లేర్ ప్యాటర్సన్ ఉల్కల వైపు వెళ్లాడు. అరిజోనాలో పడిన కాన్యన్ డయాబ్లో ఇనుప ఉల్కలో ట్రాయిలైట్ అనే ఇనుప సల్ఫైడు ఉంటుంది. అందులో యురేనియం దాదాపు లేదు. కాబట్టి అందులోని సీసం సౌరకుటుంబం పుట్టినప్పటిదే, పెరగలేదు. రాతి ఉల్కల్లో సీసం యురేనియం వల్ల పెరిగింది. అన్నీ ఒకే సరళరేఖ మీద పడ్డాయి. సముద్రపు అడుగు మట్టిలోని సీసం కూడా ఆ రేఖ మీదే పడటంతో భూమి కూడా ఆ కుటుంబానిదేనని తేలింది. 1956లో ఆయన ప్రకటించిన అంకె 455 కోట్లు, తేడా 7 కోట్లు. ప్రయోగశాలలో ఎక్కడ చూసినా బయటి సీసమే కనబడి విసిగించడంతో, అదెక్కడి నుంచి వస్తోందని తవ్వుకుంటూ పోయి, తర్వాతి జీవితమంతా సీసం కలిపిన పెట్రోలు మీద పోరాడాడు.

తర్వాత ఉల్కల్లోని కాల్షియం, అల్యూమినియం ఎక్కువగా ఉండే తెల్లటి మచ్చలను కొలిస్తే 456.7 కోట్లు వచ్చింది. సౌరకుటుంబంలో మొదట గడ్డకట్టిన పదార్థం అదే. భూమి మాత్రం ఒక్క రోజున పుట్టలేదు. చిన్నచిన్న పిండాలు ఢీకొని పోగవడానికి, ఇనుము లోపలికి దిగి గర్భంగా విడిపోవడానికి కోట్ల ఏళ్లు పట్టింది. చంద్రుణ్ణి పుట్టించిన ఢీ ఎప్పుడు జరిగిందన్నది ఇప్పటికీ వాదనే. పాఠ్యపుస్తకాల్లో కనిపించే 454 కోట్లు, భూమ్మీది పాత సీసపు ఖనిజాలనూ కాన్యన్ డయాబ్లో సీసాన్నీ కలిపి కట్టిన లెక్క. దాని పక్కన ఒక శాతం, అంటే నాలుగున్నర కోట్ల ఏళ్ల తేడా రాస్తారు. భూమి పోగవడానికి పట్టిన కాలం చాలావరకు ఆ తేడాలోనే ఇమిడిపోతుంది.